బడి గ్రంథాలయం: రిజిస్టరు చెప్పే సంగతులు

బడిలో పుస్తకాలున్నా పిల్లలు ముట్టుకోవడం లేదని చాలామంది టీచర్లు వాపోతుంటారు. కారణం కనిపెట్టడానికి బయటి నుంచి నిపుణులు రానక్కర్లేదు. టీచరే తన బడిలోని సమస్యను పరిశీలించి, ఓ మార్పు చేసి, ఫలితాన్ని బేరీజు వేసుకోవచ్చు. దీన్నే చర్యాత్మక పరిశోధన అంటారు. మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ 1946లో ఈ పద్ధతిని వివరించారు.

ముందుగా ఇష్యూ రిజిస్టరు తిరగేయండి. ఆరో తరగతి వాళ్లు ఏం తీసుకెళ్లారు? అసలు కదలని పుస్తకాలేవి? తీసుకోని పిల్లల్ని కారణం అడగండి. "చిరిగితే సారు తిడతారు" అని ఒకరు, "పై అర అందదు" అని మరొకరు అనొచ్చు. అందకపోవడమే అడ్డంకైతే బొమ్మల కథల పుస్తకాలను కింది అరలో, అట్ట కనిపించేలా పెట్టండి. నెల తర్వాత రిజిస్టరు మళ్లీ చూడండి. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తేలదు. పుస్తకం ఇంటికెళ్లినంత మాత్రాన చదివినట్టు కాదు. కథ చెప్పించుకుని వినండి. ఫలితం లేదా? ఇంకో మార్పు చేసి చూడండి.

ప్రతి పుస్తకానికీ ఓ పాఠకుడు ఉండాలని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లోనే సూత్రీకరించారు. ఆ పాఠకుణ్ని వెతికే పని ఈ నెలే మొదలుపెట్టండి.