విస్తరి చెప్పు పాఠము



ఒక వస్తువు మనకు పనికివచ్చు కాలమెంత, పారవేసిన పిదప అది నేలపై నిలుచు కాలమెంత? ఈ రెండు పద్దులను ఎదురెదురుగా వ్రాసి చూచినచో ప్లాస్టిక్కు వలని చిక్కంతయు తేటపడును. విందులో నీళ్లు త్రాగిన గ్లాసు పనికివచ్చునది నిమిషములు. చెరువుగట్టున పడియుండునది తరములు.

భారత ప్రభుత్వము 2021లో నిబంధనలను సవరించి, 2022 జూలై 1 నుండి ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్కు పళ్లెములు, గ్లాసులు, చెంచాలు మొదలగువానిని నిషేధించినది. అయినను నిషేధించిన వస్తువు స్థానమున మంచి వస్తువు రానిచో పాతదే దొడ్డిదారిన మరల వచ్చును. ఆ మంచి వస్తువు ఎట్లుండవలెను?

దానికి మన విస్తరియే ఒరవడి. తూర్పు కనుమల మన్యమున గిరిజన స్త్రీలు అడ్డతీగ ఆకులను కోసి, ఎండబెట్టి, పుల్లలతో కుట్టుదురు. తినినంతసేపు నిలుచును; పెంటపోగున వేసిన ఎరువగును; పశువు నమలినను కీడు లేదు. పలుచని పులుసు కారుటయే దాని లోపము. ఆ లోపమును తీర్చుటకే నేడు ఆకుల పొరలను వేడి అచ్చున నొక్కి అంచుగల పళ్లెములు చేయుచున్నారు. రాలిన పోకమట్టను నీట నానబెట్టి అట్లే నొక్కుదురు. దానికి జిగురు సైతము అక్కరలేదు.

అయితే మారువేషములను కనిపెట్టవలెను. కాగితపు గ్లాసు లోపల సాధారణముగా పలుచని ప్లాస్టిక్కు పొర యుండును. అరటియాకు రూపున అమ్ముచున్న కాగితపు ఆకులలోను అట్టి పొర గలవి పెక్కు. మొక్కజొన్న వంటి పంటల పిండిపదార్థము నుండి తీయు పాలిలాక్టిక్ ఆమ్లపు గ్లాసులు సుమారు 58 డిగ్రీల వేడినిచ్చు ఎరువు కర్మాగారమున శిథిలమగును గాని, ఊరి పెంటగుంటలో త్వరగా కావు. మొక్క నుండి పుట్టినదెల్ల మన్నున కలయునని నమ్మరాదు. ఇట్టి నకలు ఆకులు కొన్నప్పుడెల్ల నేల చెడుటయే గాక, విస్తరి కుట్టు చేతుల కూలియు పోవును.

పారవేయనక్కరలేని పాత్ర అన్నిటికంటె మేలు. సిద్దిపేట జిల్లా గ్రామములలో స్టీలు బ్యాంకుల పేర ఉమ్మడి పాత్రలను విందులకు ఇచ్చు పద్ధతి వచ్చినది. ఒక ఊరు 200 పళ్లెములు కొని, ఏటికి 20 విందులకు వాడినచో 4,000 పళ్లెములు చెత్తకుప్పకు చేరవు. నీరున్న చోట స్టీలు, నీటికి కటకటయైన చోట ఆకు. మూడవదాని అవసరము అరుదు.

గ్రంథాలయమున ఒక పుస్తకమును నూరుమంది చదివి తిరిగి యిత్తురు. ఇరువదియైదేండ్లుగా ఈ ఊరు నేర్చిన ఆ నియమమే పళ్లెమునకును చాలును. పుస్తకముల బీరువా ప్రక్కన పాత్రల బీరువా యొకటి వెలసిన నాడు ఈ రజతోత్సవము సార్థకమగును.