కోయకుండా విప్పిన డాష్‌బోర్డు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి "నీ ఇంజనీరింగ్ గురించి పదిహేను నిమిషాలు మాట్లాడు" అన్నారు. నేను ముప్పై ఏళ్లుగా చేస్తున్నది ఆస్పత్రులకూ ఫ్యాక్టరీలకూ ఏసీ ప్లాంట్లు డిజైన్ చేసే పని. భోజనానికి ముందు అది చెబితే మీరు నిద్రపోతారు. అందుకని పోయిన వేసవిలో ఫిల్మ్ నగర్‌లో ఒక రేకుల షెడ్డులో నాలుగు రోజులు చేసిన పని చెబుతాను. ఏసీ ఉన్న పాత కారు డాష్‌బోర్డు విప్పిన సంగతి అది.

కారు 1967 ఇంపాలా. అమెరికా బండి, ఎడమ చేతి స్టీరింగు, ఎనిమిది సిలిండర్ల ఇంజిను, ఐదు మీటర్లకు పైగా పొడవు. జూబ్లీ హిల్స్ సందుల్లో ఒక్కసారికి తిరగదు. ఓనరు మా క్లాసువాడే. పేరు చెబితే మీలో సగం మంది ఇప్పుడే వాడికి ఫోన్ చేస్తారు కాబట్టి చెప్పను. షూటింగులకు పాత కార్లు అద్దెకివ్వడం వాడి వ్యాపారం. వాళ్ల నాన్నగారు మద్రాసులో ఒక సినిమా కంపెనీలో డ్రైవరు. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలయ్యాక ఒక్కొక్కరే హైదరాబాదు సర్దుకున్న రోజుల్లో ఆయనా వచ్చారు. కంపెనీ మూతపడినప్పుడు రావలసిన జీతాల కింద ఈ బండి ఇచ్చారు. ఆ ఇంట్లో ఇద్దరు పిల్లల చదువులూ ఒక పెళ్లీ ఈ బండి అద్దె మీదే జరిగాయి. పెద్దాయనకు ఇప్పుడు ఎనభై దాటాయి.

వాడి ఫోన్ సారాంశం ఇది. ఒక పాతకాలపు కథ సినిమాకి బండి కావాలి. హీరో స్టీరింగు పట్టుకుని ఉంటే ముఖాన్ని ఎదురుగా, మీటర్లు ఉన్న చోటు నుంచి తీయాలి. ఆర్టు డిపార్టుమెంటు వాళ్లు వచ్చి చూసి, "డాష్‌బోర్డు రేకు కోసేద్దాం సార్, షూటింగయ్యాక వెల్డింగ్ చేయించి రంగు కొట్టిస్తాం, ఖర్చు మాదే" అన్నారు. అద్దె మంచి అద్దె. వాడికి డబ్బు అవసరం. పెద్దాయన మాత్రం రెండు రోజులుగా అన్నం సరిగా తినడం లేదు. "ఒరేయ్, కోయకుండా అయ్యే దారి ఏమైనా ఉందా?" అన్నాడు.

ఉంది. మీటర్లున్న పెట్టె, రేడియో, గ్లవ్ బాక్సు, గాలి గొట్టాలు తీసేస్తే వెనక జానెడు పైన ఖాళీ ఉంటుంది. ఈ కాలం కెమెరాలకు అది చాలు. రేకు జోలికే పోనక్కర్లేదు. రేకు కోస్తే ఇంకో నష్టం కూడా ఉంది. యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా 'వీఏ' నంబరుతో రిజిస్టర్ చేసుకోవచ్చని 2021లో కేంద్రం నిబంధన తెచ్చింది. చాసిస్, బాడీ షెల్, ఇంజిను మార్చకుండా అసలు రూపంలో ఉంచితేనే ఆ హోదా. కొత్త రిజిస్ట్రేషనుకు ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. కాకపోతే వీఏ నంబరు తీసుకున్న బండిని వ్యాపారానికి రోడ్డు మీద తిప్పకూడదు. అందుకే మావాడు ఇంతవరకు మామూలు ఆర్సీనే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయిస్తున్నాడు. రేపు అద్దెల పని మానేసి వీఏకి వెళ్దామనుకుంటే కోసి అతికించిన రేకుతో ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు?

ఇంకో మాట కూడా చెప్పాడు, దాన్ని నేను గట్టిగా పట్టుకున్నాను. "ఏసీ పదేళ్లుగా పని చేయట్లేదు. మూడుసార్లు గ్యాస్ నింపించాను. ఒక ఉస్తాదైతే మొత్తం పీకేసి కొత్త యూనిట్టు పెడతానన్నాడు."

పాన ముట్టకముందు ఇంజిన్ స్టార్ట్ చేయించి ఏసీ వేయించాను. కంప్రెసర్ తిరుగుతోంది, బానెట్ కింద వెనక్కి వచ్చే పైపు చేతికి మంచులా తగులుతోంది. కానీ డాష్‌బోర్డు మీది జాలీల్లోంచి గాలి రాదు. ఇంట్లోంచి అగరుబత్తి తెప్పించి వెలిగించి ఒక్కో సందు దగ్గర పట్టాను. పొగ ముందు అద్దం కింద పైకి ఎగిరిపోయింది, జాలీల దగ్గర నిటారుగా నిలబడింది. అంటే చల్లదనం తయారవుతోంది, మనుషుల దగ్గరకు రాకుండా అద్దం మీదకు పోతోంది. గ్యాస్ ఎన్నిసార్లు నింపినా అద్దమే చల్లబడుతుంది.

దీనికి కారణం తెలియాలంటే ఆ కాలపు ఏసీ ఎలా పని చేస్తుందో చెప్పాలి. కార్లలో ఏసీని ప్యాకార్డ్ కంపెనీ 1940 మోడళ్లతో మొదలుపెట్టింది. చల్లబరిచే కాయిల్ డిక్కీలో ఉండేది. ఆపాలంటే బండి ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు తీసేయాలి. 1954కి నాష్ కంపెనీ అంతా ముందువైపుకే తెచ్చింది. మన అంబాసిడర్లకూ ఫియట్లకూ ఎక్కువగా ఉండేది బయట బిగించిన పెట్టె. డాష్‌బోర్డు కింద వేలాడుతూ పక్క సీటువాళ్ల పాదాల మీద నీళ్లు కార్చేది, మీలో చాలామంది ఆ నీళ్లలో తడిసే ఉంటారు. దాన్ని దింపాలంటే గ్యాస్ ముందే యంత్రంతో లాగించాలి, ఎందుకంటే కాయిల్ క్యాబిన్‌లోనే ఉంటుంది, పైపులు రేకు గోడ దాటి లోపలికి వస్తాయి. తొందరపడి నట్టు వదులు చేస్తే చేతులకు, కళ్లకు ప్రమాదం. ఈ ఇంపాలాలో కాయిల్ ఇంజిన్ వైపు ఉంది. లోపల ఉన్నవి గాలి గొట్టాలూ తలుపులూ మాత్రమే. కాబట్టి గ్యాస్ ముట్టకుండానే డాష్‌బోర్డు విప్పొచ్చు. పాత ఏసీ కారు ఏది విప్పినా మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే: కాయిల్ గోడకు ఇవతలా, అవతలా?

ఆ తలుపులను తిప్పేది కరెంటు కాదు, ఇంజిన్ పీల్పు. ఇంజిన్ గాలి పీల్చుకునే చోటు నుంచి సన్నటి రబ్బరు గొట్టం లోపలికి వస్తుంది. డ్రైవరు మీట జరిపితే ఆ పీల్పు ఒక చిన్న రబ్బరు పొర ఉన్న డబ్బాకు వెళ్తుంది, పొర లోపలికి గుంజుకుంటే తలుపు తిరుగుతుంది. గొట్టం ఎక్కడైనా చిట్లితే పీల్పు అందదు, స్ప్రింగు తలుపును తన చోటికి లాగేస్తుంది. ఆ చోటు ముందు అద్దం. చలి దేశంలో పుట్టిన బండి కదా, ఏది చెడినా అద్దం మీద మంచు కరిగి దారి కనబడాలని అలా పెట్టారు. మంచి ఆలోచనే. మే నెల చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర మాత్రం ఎందుకూ పనికిరాదు.

ఇక విప్పడం. సైన్సు ల్యాబులో మన ఫిజిక్స్ మాస్టారు బొమ్మ గీయకుండా పరికరం మీద చెయ్యి వేయనిచ్చేవారు కాదు, గుర్తుందా? ఇప్పుడు ఫోన్లో ఫొటోలు తీస్తాం. అయినా నేను ఒక నోటుబుక్కులో గీశాను, ఎందుకంటే ఏ గొట్టం దేని వెనక నుంచి వెళ్లిందో ఫొటో చెప్పదు. స్క్రూలకు ముప్పై గుంటల కోడిగుడ్ల అట్ట. ఒక్కో గుంటకు ఒక్కో అంకె, అదే అంకె నోటుబుక్కులో బొమ్మ మీద. షెడ్డులో ఉన్న కుర్రాడు, చోటూ అంటారు వాణ్ని, మొదట నవ్వాడు. రెండో రోజు వాడే నా చేతిలోంచి అట్ట లాక్కున్నాడు.

బ్యాటరీ నెగెటివ్ తీశాం. పానలు అంగుళాల లెక్కవి కావాలి, మిల్లీమీటర్లవి పెడితే బోల్టు తలలు అరిగిపోతాయి. మన ఉస్తాదులు సూత్ అంటారు చూడండి, అంగుళంలో ఎనిమిదో వంతు, ఆ లెక్క ఇక్కడ బాగా పనికొచ్చింది. పాత మెకానిక్కులకు ఈ బండి పరాయిది కాదు.

హెడ్‌లైటు నాబ్ దగ్గర అందరూ తప్పటడుగు వేస్తారు. ముందు నుంచి ఎంత లాగినా రాదు, గట్టిగా లాగితే విరుగుతుంది. నాబ్‌ను ఆన్‌లోకి లాగి, డాష్‌బోర్డు కింద నుంచి చెయ్యి పెట్టి స్విచ్చు ఒంటి మీదున్న చిన్న స్ప్రింగు బటన్ నొక్కితే కాడ మొత్తం చేతిలోకి వచ్చేస్తుంది. చోటూ ముఖం చూడాల్సింది అప్పుడు.

ప్లాస్టిక్ ముక్కలను మధ్యాహ్నమే తీయించాను. యాభై ఏళ్ల ప్లాస్టిక్ చల్లగా ఉంటే పెళుసు, వేడెక్కితే కాస్త వంగుతుంది. మన ఎండ ఉపయోగపడిన సందర్భం నా వృత్తిలో ఇదొక్కటే. స్పీడోమీటర్ కేబుల్ వెనక నుంచి మర తిప్పి వదిలాం. మీటర్ల పెట్టె బయటికి రావాలంటే స్టీరింగు కాలమ్ కొద్దిగా కిందికి దించాలి. గేరు ఎక్కడుందో చూపించే ముల్లుకు కాలమ్ నుంచి సన్నటి తీగ ఉంటుంది, ముందు అది విడదీయాలి. జనరల్ మోటార్స్ 1967లోనే ప్రమాదంలో తనంతట తాను కుదించుకుపోయే కాలమ్ తెచ్చింది. దాని మీద సుత్తి దెబ్బ పడకూడదు, వేలాడదీసి వదలకూడదు. సీటు మీద పాత దిండు పెట్టి దాని మీద ఆనించి, పెట్టె తీశాక మళ్లీ పైకి బిగించేశాం.

గ్లవ్ బాక్సు లోపలి డబ్బా అట్టతో చేసింది, చేతిలో పొడి అయిపోతుందేమోనని పళ్లెం పట్టినట్టు పట్టుకుని తీశాం. దాని వెనక బయటపడ్డాయి రబ్బరు గొట్టాలు, రంగురంగుల చారలతో. ఒక్కోదానికి అంకె కట్టి, మందుల షాపు నుంచి తెచ్చిన 50 ఎంఎల్ సిరంజితో ఒక్కో డబ్బాను పీల్చి చూశాం. మూడు పొరలూ బాగున్నాయి. పీల్పు తెచ్చే గొట్టం రేకు గోడ దాటే చోట, గుండ్రటి రబ్బరు వాషరు ఎండిపోయి, రేకు అంచు ఒరుసుకుని బెత్తెడు పొడవున చీలి ఉంది. పదేళ్ల ఉక్కపోత, మూడుసార్లు గ్యాస్, ఒక కొత్త యూనిట్టు కొటేషన్, అన్నీ ఆ చీలికలోంచి పోయాయి. కొత్త గొట్టం మీటరు నలభై రూపాయలు.

గ్యాస్ గురించి ఒక్క మాట. ఆ కాలపు బండ్లలో ఉండేది ఆర్-12, ఓజోన్ పొరను తినేసేది. మన దేశంలో 2003 నుంచి కొత్త కారు ఏసీల్లో దాన్ని వాడటం ఆపేశారు, 2010కి దాని ఉత్పత్తే లేదు. ఇప్పుడు ఆర్-134ఏ వేస్తారు, దానికి కంప్రెసర్ ఆయిలు కూడా మార్చాలి, పాత ఆయిలు దానితో కలవదు. ఈ బండిలో ఎవరో బుద్ధిగా ఆ పని ఎప్పుడో చేసి ఉన్నారు. చవకగా వంట గ్యాస్ లాంటిది నింపుతామని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి. కాయిల్ క్యాబిన్‌లో ఉన్న అంబాసిడర్‌లో అది లీకయితే మీరు కూర్చున్నది నిప్పు రవ్వ కోసం చూసే డబ్బాలో.

షూటింగు రెండు రోజులు జరిగింది. బండిని నడపలేదు, ట్రాలీ మీద ఎక్కించి లాగారు. మీటర్ల పెట్టె ఖాళీలో కెమెరా సరిగ్గా కూర్చుంది. ఆర్టు డిపార్టుమెంటు కుర్రాడు నా నోటుబుక్కు ఫొటోలు తీసుకున్నాడు, మిగతా బండ్లకు పనికొస్తుందని. తర్వాత విప్పిన వరుసకు తిరగేసి బిగించాం. ఒక్కో భాగం పెట్టగానే లైటు, వైపరు, హారను చూసుకుని ముందుకెళ్లాం. చివరికి అట్టలో ముప్పై గుంటలూ ఖాళీ.

బయట నలభై డిగ్రీలు. జాలీ దగ్గర పెట్టిన థర్మామీటరు పద్నాలుగు చూపించింది. పెద్దాయనను పక్క సీట్లో కూర్చోబెట్టి ఫిల్మ్ నగర్ నుంచి రోడ్ నంబర్ 36 మీదుగా చెక్‌పోస్ట్ దాకా వెళ్లాం. ఆయన ఏమీ మాట్లాడలేదు. వెనక్కి తిరిగేటప్పుడు మాత్రం "బాబూ, కొంచెం తగ్గించు, చలేస్తోంది" అన్నారు. కొడుకు తగ్గించలేదు.

ఇంకో పని మిగిలి ఉంది. ఏసీ మీట చివర ఉండే క్రోమ్ నాబ్ మేం విప్పకముందే లేదు, ఏ షూటింగులో పోయిందో ఎవరికీ తెలియదు. ఇప్పటికి ఒక పెన్ను మూత తొడిగి ఉంచాం. మీలో అమెరికా నుంచి వచ్చినవాళ్లు చాలామంది కనబడుతున్నారు. 1967 ఇంపాలా, ఏసీ కంట్రోలు మీట నాబ్, ఎక్కడైనా పాత సామాన్ల షాపులో దొరికితే భోజనాల దగ్గర నన్ను కలవండి. సాంబారు కౌంటరు పక్కనే ఉంటాను.