టాన్సిళ్ల నుండి మెదడు దాకా



పశువుకు వచ్చిన రోగం పశువుతోనే పోతుందన్న నమ్మకం జనంలో గట్టిగా నాటుకొని ఉన్నది. స్ట్రెప్టోకాకస్ సూయిస్ అనే బాక్టీరియా ఆ నమ్మకం సరికాదని నిరూపించింది.

ఈ బాక్టీరియా ఆరోగ్యంగా ఉన్న పందుల టాన్సిళ్లలో, ముక్కు లోపలి భాగాలలో ఏ హానీ చేయకుండా నివసించగలదు. తల్లి నుండి పిల్లలకు ఈనినప్పుడే సంక్రమిస్తుంది. పాలు మాన్పించిన పిదప పిల్లలను ఇరుకు దొడ్లలో, గాలి చాలని చోట, కొత్త మందతో కలిపి ఉంచినపుడు వాటి వ్యాధినిరోధక శక్తి సన్నగిల్లుతుంది. అంతవరకు అణగి ఉన్న బాక్టీరియా అప్పుడు రక్తంలో ప్రవేశిస్తుంది.

రక్తంలో దానిని మింగివేయవలసినవి తెల్లరక్త కణాలు. కాని చక్కెర పదార్థాలతో ఏర్పడిన పైపొర దానికి కవచమై కాపాడుతుంది. మెదడులోని సూక్ష్మ రక్తనాళాల గోడలలో కణాలు సందు లేకుండా అమరి ఉంటాయి. మెదడు చుట్టూ ఉండే ద్రవం ఊరే చోట కూడ అటువంటి అడ్డుగోడ ఉన్నది. బాక్టీరియా స్రవించే సూయిలైసిన్ అనే విషపదార్థం ఈ గోడల కణాలను దెబ్బతీయగలదు. కొన్నిసార్లు అది తెల్లరక్త కణాలనే అంటిపెట్టుకొని, కావలివానితోపాటు కోటలోకి చొరబడే దొంగవలె, గోడ దాటుతుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. దానితో మెదడు పొరలు వాస్తాయి. పందిపిల్ల తల వెనుకకు విరుచుకొని, ప్రక్కకు ఒరిగి, ఈదుతున్నట్లు కాళ్లు కొట్టుకొంటుంది.

మనుషులలో ఈ వ్యాధిని మొదట 1968లో డెన్మార్కులో గుర్తించారు. 2005లో చైనాలోని సిచువాన్ రాష్ట్రంలో 215 మందికి సోకగా 38 మంది మరణించారు. రోగంతో చచ్చిన, లేక చావబోతున్న పందులను కోసినవారే వారిలో అధికులు. చేతి మీది చిన్న గాయమే బాక్టీరియాకు వాకిలి అయినది. సరిగా ఉడకని మాంసం, పచ్చి నెత్తురు ద్వారా కూడ ఇది సోకగలదు. బ్రతికి బయటపడినవారిలో పలువురు వినికిడి కోల్పోతారు.

మనుషులకు దీనికి టీకా లేదు. పెన్సిలిన్ వంటి మందులు సకాలంలో అందితే ప్రాణం నిలుస్తుంది. దొడ్డి పరిశుభ్రత, చేతులకు తొడుగులు, గాయానికి కట్టు, మాంసాన్ని బాగా ఉడికించడం, జబ్బుపడిన పందిని కోయక పశువైద్యునికి చూపడం అంతకంటె ముందు జాగ్రత్తలు. మెదడు దాకా పోయిన రోగాన్ని వెనుకకు మళ్లించడం కష్టం. దొడ్డి దగ్గరే ఆపడం ప్రతి ఇంటివారికీ సాధ్యమే. పాఠశాలలో నేర్చిన విజ్ఞానం పశువుల కాపరి చేతిని కూడ కాపాడగలిగిననాడే ఆ చదువు సార్థకమవుతుంది.