బోటు ముక్కు ఎంత లేపాలి?

2018 నవంబర్‌లో విజయవాడ దగ్గర కృష్ణా నదిలో ఎఫ్1 హెచ్2ఓ బోట్లు దూసుకెళ్లాయి, గుర్తుందా? ఆ స్పీడంతా ఇంజిన్‌దే అనుకుంటాం. కాదు, ఇంకో రెండున్నాయి.

ఒకటి, ప్రొపెల్లర్ పిచ్. 24 అంగుళాల పిచ్ అంటే, నీళ్లలో ఏమాత్రం జారకపోతే, ఒక్క చుట్టుకి బోటు 24 అంగుళాలు ముందుకెళ్తుంది. మరి పెద్ద పిచ్ వేసేద్దామా? ఇంజిన్ ఆర్‌పీఎం అందుకోలేదు, టర్న్ తర్వాత పికప్ ఉండదు.

రెండోది ట్రిమ్. ముక్కు లేపితే నీటి రాపిడి తగ్గి స్పీడ్ పెరుగుతుంది. ఎక్కువైతే బోటు ఎగిరెగిరి పడుతుంది. ఇంకా లేపితే అడుగున గాలి దూరి వెనక్కి పల్టీ కొడుతుంది, ప్రాణాలకే ముప్పు. అందుకే టర్న్‌కి ముందు ముక్కు దించాలి, అప్పుడే ప్రొపెల్లర్‌కి నీళ్లమీద పట్టు దొరుకుతుంది.

నేనైతే రేసు చూసేటప్పుడు ముందు ముక్కునే చూస్తా. మరి మీరు? కామెంట్ చేయండి!