పిట్టగోడ లేని మిద్దె

(రేడియో ప్రసంగ పాఠం)

 

పోయిన నెలలో ఒక శ్రోత దగ్గరనుండి ఉత్తరం వచ్చింది. వారి సంఘపు సమాధుల తోట ఊరి బయట గుట్ట ఏటవాలు మీద ఉందట. సర్కారు తుమ్మ కమ్ముకొని సమాధులే కనబడడం లేదట. ఈస్టరు తెల్లవారుజాము ఆరాధనకు ముందే ట్రాక్టరు పెట్టి మొద్దులన్నీ వేళ్ళతో సహా పెకలించాలని పెద్దలు తీర్మానించారట. పని క్షేమంగా జరిగేలా ప్రార్థన చేయమని అడిగారు. ప్రార్థిస్తున్నాను. కానీ సహోదరుడా, గొలుసు కట్టకముందు ఈ ప్రసంగం వినండి. చెరువు కట్ట మీద కంప తీయించేవారు, గుట్టవాలున చేను చేసుకునేవారు కూడా వినండి.

వాక్యభాగం ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనం. బైబిలు దగ్గరుంటే తీసి చదువుకోండి. కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని మోషే ధర్మశాస్త్రం ఆజ్ఞాపిస్తోంది. పిట్టగోడ లేక ఎవరైనా పడి చనిపోతే ఆ దోషం ఇంటి మీదికి వస్తుంది. పడినవాడు చూసుకొని నడవాల్సింది అన్న మాట అక్కడ లేదు. ఇల్లెవరిదో జవాబుదారీ వారిదే.

నేను 20 ఏళ్ళ క్రితం కడప జిల్లాలో ఒక పల్లెలో సేవ చేస్తుండేవాడిని. ఆ సంఘపు సమాధుల తోట కూడా గుట్టవాలు మీదే. ఆ జిల్లాకూ ఈ చెట్టుకూ పాత సంబంధముంది. సర్కారు తుమ్మ మన దేశపు చెట్టు కాదు, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ప్రాంతాలది. 1877లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీశాఖ వారు దాన్ని మొదట తెచ్చి నాటించింది కడప ప్రాంతంలోనే. ఎండిన నేలకు పచ్చదనం, పేదవారికి వంటచెరకు కావాలని తెచ్చారు. వంటచెరకు దొరికింది, ఆ మాట ఒప్పుకోవాలి. మేము కంప తీయిస్తామని ప్రకటించినప్పుడు మా సంఘంలో ఒక అవ్వ లేచి, "ఆ కంపే గదా అయ్యగారూ నా పొయ్యి, అది తీసేస్తే నేను యాడికి పోవాల?" అంది. కమిటీలో ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు.

లెంటు కాలం నడుస్తోంది. వానలు పోయి నెలలైంది, నేల రాయిలాగుంది. కొమ్మలు కొట్టాము, మొద్దులు మిగిలాయి. సంఘస్థుల్లో ఒకరి ట్రాక్టరు తెచ్చాము. తోలే అబ్బాయికి 22 ఏళ్ళుంటాయేమో, పెండ్లయి ఆరు నెలలు. గొలుసు ఒక కొస మొద్దుకు చుట్టి, రెండో కొస ట్రాక్టరుకు వెనుక ఎత్తుగా, టాప్ లింకు తగిలించే చోట కట్టారు. అక్కడ కడితే మొద్దును పైకి ఎత్తినట్టు లాగుతుందని ఒక పెద్దాయన సలహా. ట్రాక్టరు మొహం గుట్ట పైకి ఉంది.

మొదటిసారి లాగినప్పుడు మొద్దు కదలలేదు. అబ్బాయి వెనక్కి తిరిగి, "అయ్యగారూ, ముందర టైర్లు తేలికైతాండాయి" అన్నాడు. నేను గడియారం చూసుకున్నాను. ఆదివారానికి ఇంకా నాలుగు రోజులే ఉంది. "ఏం కాదు నాయనా, ఇంకొంచెం గట్టిగా లాగు, దేవుని పని" అన్నాను.

శ్రోతలారా, ఆ 'దేవుని పని' అన్న మాట నాకు ఇప్పటికీ నిద్రలో వినబడుతుంది.

వాడు క్లచ్చి ఒక్కసారిగా వదిలాడు. ముందు చక్రాలు లేచాయి. గుర్రం ముందుకాళ్ళెత్తినట్టు ట్రాక్టరు నిలువుగా లేస్తోంది. నోరు తెరిచి అరవడానికి కూడా వ్యవధి లేదు. వాడే ఎలాగో క్లచ్చి తొక్కాడు, బండి ధడేలుమని కింద పడింది. దిగి వెళ్ళి చెట్టు నీడలో కూర్చున్నాడు. నీళ్ళ చెంబు ఇస్తే చేతులు వణికి సగం పైన పోసుకున్నాడు.

ఎందుకలా లేచిందో ఆ తరువాత ట్రాక్టరు మెకానిక్కు ఒకాయన నాకు చెప్పాడు. మొద్దు రాకపోతే వెనుక చక్రాలు తిరగలేవు. ఇంజిను బలం ఎక్కడికో పోవాలి కాబట్టి, వెనుక ఇరుసు చుట్టూ ట్రాక్టరునే వెనక్కి తిప్పుతుంది. గొలుసు ఎంత ఎత్తున కడితే అంత సులభంగా తిప్పుతుంది. ముందు భాగం గుట్ట పైకి ఉంటే పని సగం ముందే అయిపోయినట్టు. ఒక హద్దు దాటాక క్లచ్చి తొక్కినా ఆగదు, ఆ హద్దు రావడానికి ఒక్క సెకను కూడా పట్టకపోవచ్చు. అందుకే లాగే గొలుసు ఎప్పుడూ వెనుక కిందనుండే డ్రాబారుకే కట్టాలి.

సీటు వెనుక గట్టి ఇనుప చట్రం, నడుముకు బెల్టు ఉంటే బోల్తా పడినా మనిషి బతికే అవకాశముంటుంది. స్వీడన్ దేశంలో 1959లోనే కొత్త ట్రాక్టర్లన్నిటికీ ఆ చట్రం ఉండాలని చట్టం చేశారు, ఆ తరువాత అక్కడ అలాంటి మరణాలు బాగా తగ్గిపోయాయి. పిట్టగోడ అంటే అదే కదా! మా ట్రాక్టరుకు చట్రం లేదు, బెల్టు లేదు. ఎండకు రేకు మాత్రం ఉంది.

ఆ వారంలో ఒక సాయంకాలం వాళ్ళింటికి వెళ్ళి క్షమాపణ అడిగాను. "టైర్లు తేలికైతున్నాయని తెలిసి కూడా ఎందుకు లాగావు?" అన్నాను. తలవంచుకొని, "మీరు చెప్తిరి గదా అయ్యగారూ, కాదని ఎట్లనాల?" అన్నాడు. వాని భార్య తలుపు వెనుక నిలబడి వింటోంది. ఆమె మొహంలోకి నేను చూడలేకపోయాను.

దీనికి మించి నన్ను బాధపెట్టిన సంగతి తరువాత తెలిసింది. ఆ చెట్టును వేళ్ళతో సహా పెకలించాల్సిన అవసరమే లేదు! తల్లివేరు చాలా లోతుకు పోతుంది. అమెరికాలోని అరిజోనాలో ఒక గని తవ్వకంలో ఈ జాతి చెట్టు వేరు 50 మీటర్లకు పైగా లోతున కనబడింది. అంత వేరును ఏ ట్రాక్టరు లాగుతుంది? అయితే నేలమట్టానికి కొడితే మళ్ళీ గుబురుగా లేచేది ఆ లోతు వేరునుండి కాదు, మొద్దుకు సరిగ్గా కింద ఉండే మొగ్గలనుండి. మట్టి తవ్వి, ఒక అడుగు లోతున వేరును నరికి, ఆ బుడిపెను బయటికి తీస్తే అది మళ్ళీ లేవడం కష్టం. గునపం, పార, గొడ్డలి, ఓపిక ఉంటే చాలు.

ఆ సంవత్సరం ఈస్టరు ఆరాధన గుట్ట కిందనే చేసుకున్నాము. కొందరు సణిగారు. అక్టోబరులో వానలు పడి నేల మెత్తబడ్డాక యువకులు పని మొదలుపెట్టారు. మొద్దు చుట్టూ తవ్వి పక్కవేళ్ళు నరికారు. సమాధుల పక్కనున్నవాటిని దేన్నీ లాగలేదు. వేరు ఎవరి సమాధి కిందనుండి పోయిందో పైనున్నవారికి తెలియదు కదా. గురుగుల ఉపమానంలో యజమాని పనివారిని ఆపిన కారణం నాకు ఆ తోటలో అర్థమైంది. ట్రాక్టరుతో లాగింది అయిదారు మొద్దులే. అదైనా బండిని గుట్ట కింద చదును నేల మీద నిలిపి, పొడవాటి గొలుసుతో, తక్కువ గేరులో మెల్లగా. గొలుసు తెగితే కొరడాలాగా వెనక్కి కొడుతుంది గనుక పిల్లలను, పెద్దలను దూరంగా నిలబెట్టారు.

బాగా నిటారుగా ఉన్న చోట బుడిపెలు మాత్రం తీసి వేళ్ళు అలాగే ఉంచారు, మట్టిని పట్టి ఉంచేది అవే గనుక. తీసిన గుంటల్లో మన్ను పొరలు పొరలుగా వేసి దిమ్మిసతో కొట్టారు. చెరువు కట్ట అయితే ఇది మరీ ముఖ్యం. కట్టలో మిగిలిన లావు వేరు కుళ్ళితే ఆ సందునుండి నీరు దారి చేసుకుంటుంది. కాబట్టి కట్ట మీద మొద్దులు తీయాలంటే నీటిపారుదల ఇంజనీరును అడగకుండా ముట్టుకోవద్దు.

మొద్దులన్నీ అవ్వ ఇంటిముందు వేశాము. రెండేళ్ళ పొయ్యికి సరిపోయాయి. ఇకమీదట మొలకలు తీయడం ఆమె పని అని కమిటీ కూలి కూడా ఏర్పాటు చేసింది. మేకలు ఆ కాయలు తిని పెంటికల్లో విత్తనాలు తెచ్చి వేస్తాయి, వానపడ్డ ప్రతిసారీ మొలకలొస్తాయి. వేలెడంత ఉన్నప్పుడు చేత్తోనే వస్తాయి. అవ్వ కన్నుమూసేదాకా ఆ పని చేసింది. ఇప్పుడు అక్కడే పడుకొని ఉంది.

ఉత్తరం రాసిన సహోదరుడా, మీ ఈస్టరుకు ఇంకా కొన్ని వారాలుంది. పెద్దల తీర్మానం సంగతి అలా ఉంచి, ముందు మీ డ్రైవరును ఆ వాలు దగ్గరికి తీసుకువెళ్ళి, ఎవరూ పక్కన లేకుండా, నువ్వేమంటావని అడగండి. వద్దంటే ఎవరూ బతిమాలవద్దు, పాస్టరుగారు అసలే వద్దు. మీరు ఉత్తరంలో అందరి పేర్లూ రాశారు, కమిటీ వారివి, చందా ఇచ్చినవారివి. ట్రాక్టరు తోలే అబ్బాయి పేరు మాత్రం రాయలేదు. ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోవాలి, ఆ పేరు నాకు పంపండి.