ఎండని చేప



మనలో చాలామంది చెవిన పడిన మొట్టమొదటి కథ ఏడు చేపలది. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్లి ఏడు చేపలు తెచ్చారు. ఎండబెట్టారు. ఒకటి మాత్రం ఎండలేదు. ఇక్కడికి రాగానే మా అమ్మమ్మ ఆగిపోయేది. ఆరుబయట మంచం మీద, ఆవిడ చేతిలో విసనకర్ర కూడా ఆగిపోయేది. మేము "ఎందుకు?" అని అడిగేదాకా కథ కదిలేది కాదు.

గడ్డిమోపు అడ్డమొచ్చింది గనక చేప ఎండలేదు. ఆవు మేయలేదు గనక మోపు అక్కడే ఉంది. పాలేరు మేపలేదు, అవ్వ అన్నం పెట్టలేదు, పిల్లవాడు ఏడ్చాడు, చీమ కుట్టింది. చీమనడిగితే, తన పుట్టలో వేలు పెడితే ఊరుకుంటానా అంటుంది. చూడండి, ఇందులో దుర్మార్గుడంటూ ఒక్కడూ లేడు. ఎవరి న్యాయం వారిది. ఆ న్యాయాలు ఒకదానికొకటి అడ్డుపడ్డ చోట పుట్టేదే సంఘర్షణ. "ఎందుకు" అన్న మాట పట్టుకుని ముడి తర్వాత ముడి విప్పుకుంటూ పోయే దారే కథా నిర్మాణం. ఆ ప్రశ్నకు మన కథకులు ఏ కాలంలో ఎక్కడ జవాబు వెతికారో ఇవాళ చెప్పుకుందాం.

భరతుడి నాట్యశాస్త్రం కథ నడకను ఐదు అవస్థలుగా చూసింది. ఒకదాని మీద మనసు పడటం ఆరంభం. దానికోసం పాటుపడటం ప్రయత్నం. దొరుకుతుందేమోనన్న ఆశ ప్రాప్త్యాశ. అడ్డు తొలగితే దొరికి తీరుతుందని తేలడం నియతాప్తి. చేతికందడం ఫలాగమం. కథకు మొదట ఉండేది బీజం, చివర వచ్చేది ఫలం. శాస్త్రానివే అయినా ఇవి సేద్యగాడి మాటలు. గ్రీకు దేశంలో, క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలో, అరిస్టాటిల్ కూడా ఒక మంచి తేడా పట్టుకున్నాడు. ఒకదాని తర్వాత ఒకటి జరగడం వేరు, ఒకదానివల్ల ఒకటి జరగడం వేరు అన్నాడు. మన చీమకూ చేపకూ ఉన్న చుట్టరికం ఆ రెండో రకానిది.

జవాబు మారితే కథ ఎంత మారిపోతుందో చూడాలంటే శకుంతల దగ్గరికి వెళ్లాలి. 11వ శతాబ్దంలో నన్నయగారు తెలుగు చేసిన భారతంలో శకుంతల కొడుకుని వెంటబెట్టుకుని దుష్యంతుడి సభకు వస్తుంది. రాజుకు అన్నీ గుర్తున్నాయి. అయినా ఎరగనంటాడు, లోకం ఏమంటుందోనని. నిండు సభలో ఒంటరి స్త్రీ సత్యం కోసం నిలబడి రాజుతో వాదిస్తుంది. చివరికి ఆకాశవాణి పలికితే గాని ఆయన ఒప్పుకోడు. కాళిదాసు నాటకంలో ఇదే ఘట్టానికి కారణం వేరు. దుర్వాసుడి శాపంవల్ల రాజు నిజంగానే మరిచిపోయాడు. గుర్తుపట్టించాల్సిన ఉంగరం నీళ్లలో జారిపోయి, చివరికి ఒక జాలరికి చేప కడుపులో దొరికింది. 15వ శతాబ్దంలో పిల్లలమర్రి పినవీరభద్రుడి శృంగార శాకుంతలంతో ఆ శాపమూ ఉంగరమూ తెలుగు కావ్యంలోకీ వచ్చాయి. మనుషులు వాళ్లే, సభ అదే. "ఎందుకు కాదన్నాడు" అన్నదానికి జవాబు ఒక్కటే మారింది. ఒకచోట మనిషి పిరికితనంతో పోరు, మరోచోట విధితో పోరు.

ఆ మరుసటి శతాబ్దంలో పింగళి సూరన ఇంకో అడుగు వేశాడు. కళాపూర్ణోదయంలో కథ ద్వారకలో ఉయ్యాలలూగే అమ్మాయిల దగ్గర మొదలవుతుంది. మారువేషాలు, ఇద్దరు రంభలు, చిక్కు మీద చిక్కు. వీటన్నిటికీ మూలం బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ. ఆ సంగతి కావ్యం సగం దాటితే గాని మనకు తెలియదు. జవాబు దాచిపెట్టి చదువరిని వెంట నడిపించే విద్యలో సూరనకు సాటి అరుదు.

20వ శతాబ్దం వచ్చేసరికి ముడి నట్టింట్లోకి వచ్చింది. 1902లో 'హిందూ సుందరి' పత్రికలో భండారు అచ్చమాంబ రాసిన 'ధన త్రయోదశి' వెలువడింది. పండగ దగ్గర పడింది, చేతిలో డబ్బు లేదు. భర్త పరాయి సొమ్ముకు ఆశపడితే భార్య అడ్డుపడుతుంది. 1910లో గురజాడ 'దిద్దుబాటు' వచ్చింది. రాత్రి ఒంటిగంటకు గోపాలరావు తలుపు తట్టడంతో కథ మొదలు. సానుల ఆటపాటలకు అలవాటు పడిన మొగుడు ఇంటికొస్తే భార్య కమలిని లేదు. ఉత్తరం మాత్రం ఉంది. ఆయన పశ్చాత్తాపమంతా మనం వింటూ ఉండగా కమలిని మంచం కింద నుంచి నవ్వుతుంది. శాపం లేదు, ఆకాశవాణి లేదు. జవాబు గదిలోనే, అతనికి రెండడుగుల దూరంలో ఉంది.

మరి కొన్నేళ్లకు ఆ ముడి మనిషి లోపలికే వెళ్లింది. పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ అంతర్జాతీయ కథల పోటీలో రెండో బహుమతి పొందింది. నియమాలతో జీవితాన్ని కట్టుకున్న రావుగారు, రైల్లో కనిపించిన బిచ్చగత్తె, తుఫాను రాత్రి ఒక చిన్న స్టేషను. భయానికీ చలికీ ఆయనకు ఆమె తోడే దిక్కవుతుంది. తెల్లవారి చూస్తే ఆమె చనిపోయి ఉంది, ఆమె దగ్గర ఆయన పర్సు ఉంది. కోపం రావలసిన చోట కన్నీళ్లు వస్తాయి. బయటి గాలివాన తగ్గినా, ఆయన నమ్మకాల మీద వీచిన గాలి ఏం కూల్చిందో మనమే ఆలోచించుకోవాలి.

సభ నుంచి దేవతల దగ్గరికి, అక్కడి నుంచి నట్టింటికి, నట్టింటి నుంచి గుండెలోకి. వెయ్యేళ్లలో ముడి స్థానం ఇలా మారుతూ వచ్చింది. దాన్ని విప్పే మాట మాత్రం ఇప్పటికీ అదే. అందుకే తల్లిదండ్రులకు, తాతలకు, అమ్మమ్మలకు నా విన్నపం ఒక్కటి. ఇవాళ రాత్రి పిల్లలకు ఏడు చేపల కథ చెప్పండి. ఏడో చేప ఎండలేదని చెప్పి ఆగండి. తొందరపడి జవాబు చెప్పేయకండి. ఆ చీకట్లో ఒక చిన్న గొంతు "ఎందుకు?" అంటుంది. రేపటి కథకుడు అక్కడ మొదలవుతాడు.