లేనిది శ్రద్ధా, డబ్బా?

పేదింట్లో పిల్లల మీద ఖర్చు తక్కువగా కనబడితే కన్నవాళ్లకు శ్రద్ధ లేదనేస్తాం. లేనిది శ్రద్ధా, డబ్బా? ఇది తేల్చడానికి పనికొచ్చే ప్రయోగం ఒకటి అమెరికాలో 2018లో మొదలైంది. న్యూయార్క్, న్యూ ఆర్లియన్స్, ఒమాహా, మినియాపోలిస్ ప్రాంతాల్లో అప్పుడే ప్రసవించిన వెయ్యిమంది పేద తల్లుల్లో, చీటీ తీసినట్టు కొందరిని ఎంచి నెలకు 333 డాలర్లు, మిగిలినవారికి 20 డాలర్లు ఇచ్చారు. ఇలాగే వాడాలన్న షరతు లేదు. చేతికి డబ్బొస్తే తాగుడుకే పోతుందనే అనుమానం ఏ దేశంలోనైనా ఉండేదే. కానీ మద్యం, సిగరెట్ల ఖర్చు పెరగలేదు. పిల్లల పుస్తకాలు, బొమ్మలు, బట్టల ఖర్చు పెరిగింది. అంతకన్నా విశేషం, బిడ్డకు చదివి వినిపించడం, కథ చెప్పడం లాంటివీ కాస్త పెరిగాయి. వీటికి పైసా ఖర్చు లేదు మరి!

నాలుగేళ్లు నిండాక పరీక్షిస్తే రెండు వర్గాల పిల్లల మాటలో, తెలివిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. నిజమే. అంతమాత్రాన శ్రద్ధ లేదన్న పాత నింద నిలవదు. తల్లులు ఆ సొమ్ములో కొంతైనా పిల్లలకే పెట్టారు. తేడా కనబడకపోవడానికి వేరే కారణాలూ ఉండొచ్చు: మధ్యలో కోవిడ్ వచ్చి, ప్రభుత్వ సాయం ఇరువర్గాలకూ అందింది. పైగా న్యూయార్క్ లాంటి చోట 333 డాలర్లు నెల అద్దెకే చాలవు.